వాచీలు చేసినాయన

మొన్న మధ్యాహ్నం ఫోను మోగితే నేనే తీశాను. సామర్లకోట నుంచి ఎవరో అమ్మాయి. "మామ్మగారేనాండీ? మా పెదనాన్నగారు తెల్లవారుజామున పోయారండి. నిద్రలోనే పోయారు. మీకు మాత్రం కబురు చెయ్యమని ముందే చెప్పి ఉంచారండి," అంది. ఎవరి తాలూకు అని అడగాల్సిన పని లేకపోయింది. సామర్లకోటలో నన్ను తల్చుకునే మనిషి ఒక్కరే ఉన్నారు. ఎప్పుడు తీసుకెళ్తున్నారని అడిగాను. సాయంత్రమే అంది. బస్సెక్కి అంత దూరం వెళ్ళే మోకాళ్ళు ఇప్పుడు నాకు లేవు. సరేనమ్మా అని పెట్టేశాను.

పోయినవాళ్ళ మంచితనం గురించి వరసపెట్టి చెప్పడం నాకు చేతకాదు. ఆయన ఎలా కూర్చునేవారో, ఎలా మాట్లాడేవారో అది రాస్తాను. నేను చూసింది అదే.

రామచంద్రపురంలో మా ఇంటి వెనక సందు చివర ఆయన ఇల్లు. రెండు గదుల పెంకుటిల్లు. ముందు వసారాకి చెక్కలు బిగించి, ఉత్తరం వైపు మాత్రం పెద్ద అద్దం పెట్టుకున్నారు. అద్దం కింద బల్ల. అందరి బల్లల్లాంటిది కాదు, కూర్చుంటే గుండెల దాకా వచ్చేది. బోర్డు లేదు. అప్పటికే ఊళ్ళో అందరి చేతులకీ బ్యాటరీ వాచీలు వచ్చేశాయి. పొద్దున్నే లేచి వాచీకి కీ ఇచ్చుకునేవాళ్ళు ముసలాళ్ళు తప్ప లేరు. అందుకని ఆయన దగ్గరికి సెల్లు మార్పించుకోడానికో, బెల్టు వేయించుకోడానికో వచ్చేవాళ్ళే ఎక్కువ. అందరూ వాచీలాయన అనేవారు. బాగుచేసే ఆయన అనే అర్థంలో. చాలా ఏళ్ళు నేనూ అలాగే అనుకున్నాను.

ఒకరోజు మా మనవరాలి వాచీ ఆగిపోయింది. తెల్లారితే పరీక్ష అని ఇల్లు పీకి పందిరేస్తోంది. పట్టుకుని నేనే వెళ్ళాను. బల్ల దగ్గర మనిషి లేరు. కింద నుంచి మాట వినిపించింది.

"ఎవరండీ? గుమ్మంలోనే ఆగండి. లోపలికి అడుగు పెట్టకండి."

"నేనేం దొంగనా, గుమ్మంలో నిలబెడుతున్నారు?"

"కాదండి. మేకు పడిపోయిందండి. తొక్కేస్తారని."

చూద్దును కదా, బల్ల కింద మోకాళ్ళ మీద ఉన్నారు, నేలకి చెంప ఆనించి. అరవయ్యేళ్ళ మనిషి.

"మేకేగా, ఇంకోటి వేసుకోండి," అన్నాను.

"ఇంకోటి లేదండి. లోకంలో అదొక్కటేనండి."

ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. లోకంలో ఒక్కటే ఉండే మేకు ఎక్కడన్నా ఉంటుందా? అయినా పోయిన వస్తువు వెతక్కుండా ఊరుకోవడం నా వల్ల కాదు. బియ్యపు గింజ పడినా వంగి తీసేదాన్ని. "మీరు అలా పాక్కుంటూ ఉంటే మీ మోకాలికే అంటుకుని పోతుంది. కదలకుండా కూర్చోండి. ఇంట్లో చాట ఉందా?" అన్నాను.

లోపల నుంచి ఆడమనిషి గొంతు వినిపించింది. "ఉందండీ, తెస్తున్నా." తెల్లచీర కట్టుకున్న పొడుగాటి మనిషి చాట తెచ్చి ఇచ్చింది. ఆయన భార్య. మిషనాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఊరంతా సిస్టరమ్మగారు అంటారు.

మెత్తటి చీపురుతో ఒక మూల నుంచి నేలంతా తోసి, ఆ దుమ్ము చాటలోకి ఎత్తి, గుమ్మంలో వెలుతురుకి కూర్చున్నాను. చెరగలేదు. ఊరికే కదిపాను. తేలికది ముందుకి పోతుంది, బరువైంది మన వైపు ఉండిపోతుంది. బియ్యంలో రాళ్ళు ఏరుకునే ఏ ఆడదానికైనా తెలిసిన పనే. కాసేపటికి దొరికింది. గసగసం గింజలో సగం కూడా లేదు. అంత దానికీ ఒంటి మీద మర, తిప్పి బిగించడానికి నెత్తి మీద గాటు ఉన్నాయి.

ఆయన వేలు తడి చేసుకుని నా వేలి మీద నుంచి దాన్ని తీసుకున్నారు. "దేవుడికి స్తోత్రం," అని బల్ల మీద బోర్లించిన గాజుగ్లాసు కింద పెట్టారు.

"ఇంత చిన్నది ఎక్కడ కొన్నారండీ?"

"కొనలేదండి. చేశానండి."

"మేకు చేశారా?"

"మేకూ, చక్రాలూ, ఇరుసులూ, ముళ్ళూ. ఆయ్, అన్నీనండి. స్ప్రింగు ఒక్కటీ, ఇరుసులు తిరిగే కెంపులూ బొంబాయి నుంచి తెప్పించుకుంటానండి."

"వాచీలు ఫ్యాక్టరీలో కదండీ చేస్తారు?"

"అక్కడా మనుషులేగా అండి," అన్నారు.

నేను నమ్మలేదు. అది ఆయనకి తెలిసిపోయింది. ఇంకో గాజుగ్లాసు తీసి, కింద ఉన్న వాచీని వెనక్కి తిప్పి, కంటికి పెట్టుకునే ఐగ్లాసు నా చేతికి ఇచ్చారు. అది కంటి గుంటలో ఎలా ఇరికించుకోవాలో చూపించారు. వంగి చూశాను. పసుప్పచ్చటి చక్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. ఒకటి మాత్రం ఇటూ అటూ ఊగుతోంది, అరచేతిలో పట్టుకున్న పిచ్చుకపిల్ల గుండెలా. మూత వేస్తే ఎవరికీ కనపడని లోపలి రేకుకి కూడా సన్నటి గీతలు పెట్టి మెరుగు పట్టారు.

"ఇది మూసేస్తారు కదా. ఎవరు చూస్తారని ఇంత పని?" అన్నాను.

"తర్వాత బాగుచేసేవాడు చూస్తాడు కదండీ," అన్నారు.

సిస్టరమ్మ నవ్వింది. "ఈయన వాచీ పెట్టుకున్నవాళ్ళు ఈయన చేశారని ఎక్కడా చెప్పరండీ. చెప్తే ఎవరూ నమ్మరని. ఫారిన్‌ది అనేస్తారు."

నిజమే. డయలు మీద పేరు ఉండేది కాదు. అంకెలు, ముళ్ళు, అంతే. ఎందుకని అడిగాను. "నా పేరు చాలా పొడుగండి. పట్టదు," అన్నారు.

అలా మొదలైంది. అప్పటి నుంచి ఏదన్నా సామాను ఆయన చిమటాలోంచి, అదే ఆ సన్నటి పట్టకారులోంచి, జారి ఎగిరిపోతే నాకు కబురు వచ్చేది. సిస్టరమ్మ సందు మలుపు దాకా వచ్చి, మా పెరటి గోడ అవతల నుంచి "వదినగారూ, ఎగిరింది!" అనేది. ఆయన నన్ను అక్కగారూ అనేవారు, అందుకని ఆవిడకి నేను వదిన. నేను చేతిలో పని దింపేసి వెళ్ళేదాన్ని. ఆయన కోసం ఒక చాట వేరే పెట్టాను. మెంతులూ, నానబెట్టిన కాగితాలూ కలిపి రుబ్బి, చిన్న సందు కూడా లేకుండా రెండు పూతలు పూసి ఎండబెట్టాను. దాన్ని బియ్యానికి వాడనిచ్చేదాన్ని కాదు. మా కోడలు నవ్వేది. "ఏంటత్తయ్యా, మన నూకలు అయిపోయాయని వాచీలాయన ఇంట్లో ఏరడానికి వెళ్తున్నారా?" అనేది.

వెళ్ళినప్పుడల్లా కాసేపు కూర్చునేదాన్ని. ఆయన పని చేసే పద్ధతి చూస్తే నవ్వూ వచ్చేది, విసుగూ వచ్చేది. చిమటా చేతిలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టేవారు. మాట మధ్యలో పని అందుకుంటే ఆ మాట అక్కడే ఆగిపోయేది. "అక్కగారూ, మా ఆవిడకి పులస పులుసంటే..." అని ఆగిపోయేవారు. నేను వెతకాల్సింది వెతికి, సిస్టరమ్మతో మంచీ చెడ్డా మాట్లాడి, చాట దులుపుకుని లేస్తుంటే, బల్ల దగ్గర నుంచి "...అసలు పడదండి" అని వచ్చేది. ఆయన దృష్టిలో మధ్యలో ఏమీ గడవలేదు.

తలకి కొబ్బరినూనె రాసుకునేవారు కాదు. మన వైపు అది ఎంత వింతో చెప్పక్కర్లేదు. నూనె వేళ్ళకి అంటుకుంటుందని. జుట్టు ఎప్పుడూ ఎండుగడ్డిలా రేగి ఉండేది. పౌడరు రాసుకుని వచ్చినవాళ్ళని గుమ్మం దిగి మాట్లాడమనేవారు. ఒకసారి ఆత్రేయపురం ఆసామీ ఒకాయన ప్రేమగా పూతరేకుల పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి విప్పబోయాడు. ఈయన పెట్టెని రెండు చేతులా ఎత్తి వీధి అరుగు మీదికి తీసుకెళ్ళి, "ఇక్కడ తిందామండి. పంచదార పొడి చక్రాల్లోకి వెళ్తే నేను మీకు వాచీ ఇవ్వలేను," అన్నారు. ఇద్దరూ ఎండలో నిలబడి తిన్నారు. తిన్నాక ఈయన చేతులు సీకాయతో కడుక్కుని గానీ బల్ల ముట్టలేదు. పనిముట్ల కొనలు శుభ్రం చెయ్యడానికి జీలుగు బెండు ముక్క ఒకటి ఉండేది, పెళ్ళిళ్ళకి బాసికాలు కట్టే బెండు. దానిలో చిమటాని గుచ్చి తీసేవారు, గుచ్చి తీసేవారు. కోపం వస్తే కూడా అదే చేసేవారు. ఎన్ని పోట్లు పడ్డాయో చూసి సిస్టరమ్మ ఆ పూట ఏం వండాలో నిర్ణయించుకునేది.

ఆయన కోపం నేను ఒక్కసారే చూశాను. కాకినాడ నుంచి కారులో ఒక పెద్దమనిషి వచ్చాడు. ఏడాది కిందట చెప్పి వెళ్ళిన వాచీ తయారైంది. చేతికి పెట్టుకుని, తిప్పి తిప్పి చూసుకుని, మురిసిపోయాడు. "అన్నీ బావున్నాయి. డయలు మీద ఫలానా కంపెనీ పేరు వేసి ఇవ్వండి. అసలుదానికంటే బాగా ఉంది, ఎవడికి తెలుస్తుంది?" అని విదేశీ పేరేదో చెప్పాడు.

"తీసి ఒకసారి ఇలా ఇవ్వండి," అన్నారు ఈయన. తీసుకుని, గ్లాసు కింద పెట్టి బోర్లించేశారు. "ఇది మీది కాదండి. మీది వేరే ఎక్కడో తయారవుతోంది."

ఆ పెద్దమనిషి మొహం కందగడ్డ అయింది. కారు వెళ్ళాక సిస్టరమ్మ వచ్చి, "ఏడాది పనండీ అది. మీ పేరు మీరే వేసుకోరు, వాళ్ళు అడిగిన పేరూ వెయ్యరు," అంది.

"నా పేరు లేకపోతే ఫర్వాలేదే. ఇంకోడిది ఎందుకుండాలి?" అన్నారు. బెండు ముక్క ఆ రోజు చిల్లులు పడిపోయింది.

ఆవిడ గురించి కూడా చెప్పాలి, లేకపోతే ఆయన్ని చెప్పినట్టు కాదు. నర్సులు గుండెల మీద పిన్నుతో పెట్టుకునే వాచీ ఉంటుందే, అది ఉద్యోగంలో చేరినప్పుడు ఆసుపత్రిలో ఇచ్చారట ఆవిడకి. ఎప్పుడో డ్యూటీలో ఉండగా బకెట్లో పడి పాడైపోయింది. అది పాత రకం, చేస్తే కొత్తది చెయ్యాల్సిందే అన్నారట ఈయన. చేస్తానన్నారు. ఇంతలో ఎవరో వచ్చి అడిగారు. తర్వాత ఇంకొకరు. "ముందు వాళ్ళది చూడండి, నాకు వార్డులో గోడ గడియారం ఉందిగా," అని ఆవిడే అనేదట. అలా అంటూనే రిటైరైపోయింది. "నాకు వాచీ చేస్తానన్నప్పుడు నా నడుము ఇంతే ఉండేది వదినగారూ," అని రెండు గుప్పెళ్ళు చూపించేది. ఆయన తల ఎత్తకుండా, "నడుము సంగతి నేను చెప్పలేను గానీ వాచీ చేస్తున్నానే," అనేవారు.

నిజంగానే చేస్తున్నారు. కాకినాడ మనిషి వెళ్ళిపోయిన మర్నాడు మొదలుపెట్టారు. ఇంక కొత్తవి ఏవీ ఒప్పుకోలేదు. దాని డయలు నాకు చూపించారు. పన్నెండు అంకె కింద ఉంది, ఆరు పైన ఉంది.

"తలకిందులుగా వేశారేంటండీ?" అన్నాను.

"గుండెల మీద వేలాడుతుందండి. ఎదురుగా నిలబడినవాళ్ళకి తలకిందులు. వంగి చూసుకునే ఆవిడకి మాత్రం తిన్నగా ఉంటుంది."

సెకన్ల ముల్లు పెద్దదిగా, నడిమధ్యలో పెట్టారు, నాడి లెక్కపెట్టుకోడానికి. రిటైరైన మనిషికి ఇప్పుడు ఎవరి నాడి అని నేను అడగలేదు. అప్పటికే ఆవిడకి మెట్టు ఎక్కితే ఆయాసం వచ్చేది. కాళ్ళు నీరు పట్టేవి. తనకేం జబ్బో తనకి తెలుసు. గుండె పెద్దదైంది. కాకినాడ డాక్టర్లు కూడా మందులు రాసి, ఇంట్లోనే ఉంచి జాగ్రత్తగా చూసుకోమన్నారు. ఆ మాట అర్థం నర్సుకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయనకీ చెప్పక్కర్లేదు. "వాచీ పెట్టుకుని ఒక్కసారి చూసుకోవాలండి. అంతవరకూ ఉంటే చాలండి," అన్నారు నాతో ఒకరోజు, అద్దం వైపు చూస్తూ. మధ్యలో ఆగకుండా ఆయన చెప్పిన మాట అదొక్కటే.

కార్తీకంలో తుఫాను వచ్చింది. మా పెరట్లో కొబ్బరిచెట్టు నూతి మీద పడింది. వాళ్ళ వసారా పెంకులు ఎగిరిపోయాయి, అద్దం పగిలిపోయింది, కాలవ పొంగి నడుము లోతు నీళ్ళు ఇంట్లోకి వచ్చాయి. ముందు రోజే సిస్టరమ్మని మంచంతో సహా చర్చి మేడ మీదికి చేర్చారు. ఆయన కూడా ఆవిడతోనే ఉన్నారు. నీళ్ళు తీశాక నేను వెళ్ళేసరికి ఆయన మెట్టు మీద కూర్చుని ఉన్నారు, చేతులు ఒళ్ళో పెట్టుకుని. బల్ల తిరగబడి ఉంది. గాజుగ్లాసులు ఒక్కటీ లేదు. వాచీ అప్పటికి పూర్తయ్యి, ఆఖరి మెరుగు కోసం విప్పి, ముక్కలుగా గ్లాసుల కింద పెట్టి ఉందట. ఆవిడ మంచం మోయించే హడావుడిలో అవి తియ్యడం పడలేదట.

నన్ను చూసి, "అక్కగారూ, అంతా ఎగిరిందండి," అన్నారు.

ఏడవడానికి చాలామందే ఉన్నారు ఆ వారంలో. ఇంటికెళ్ళి బకెట్లూ, పాత పంచెలూ తెచ్చాను. ఇంట్లో పేరుకున్న బురదంతా గరిటెలతో తోడి, పంచెలో పోసి, నీళ్ళతో జాలించి, మిగిలింది ఎండబెట్టాను. ఎండినదాన్ని చాటలో వేసుకుని కూర్చున్నాను. మా ఇంట్లో పని పొద్దున్నే కానిచ్చేసి రోజూ వెళ్ళేదాన్ని. ఇసక, నత్తగుల్లలు, పెంకు ముక్కలు, మధ్యలో ఒక పసుప్పచ్చటి మెరుపు. దొరికినది దొరికినట్టు ఆయన కిరసనాయిల్లో వేసేవారు, తుప్పు పట్టకుండా.

ఆ రోజుల్లోనే గమనించాను. నేను అరచేతిలో పెట్టిన చక్రాన్ని ఆయన చూసి తీసుకోవడం లేదు. తడిమి తీసుకుంటున్నారు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"ఏంటండీ?"

"నాతో దాచకండి. కళ్ళు."

కిరసనాయిలు గిన్నె పక్కకి జరిపారు. "నీటికాసులండి. రెండేళ్ళయింది. పోయిన చూపు తిరిగి రాదన్నారు. చుట్టూ మసకయిపోయి, మధ్యలో గొట్టంలోంచి చూసినట్టు ఉండేదండి. ఇప్పుడు అదీ తగ్గిపోతోంది."

"సిస్టరమ్మకి తెలుసా?"

"నర్సుకి తెలియకుండా ఉంటుందాండీ? తెలియనట్టు ఉంటుంది. నేనూ అలాగే ఉంటాను."

ఆ రెండేళ్ళుగా అంత తరచుగా ఎందుకు ఎగిరేవో అప్పుడు అర్థమైంది నాకు.

అన్నీ దొరికాయి, ఒక్కటి తప్ప. ఊగే చక్రం ఉంటుందని చెప్పానే, దాని ఇరుసు. బండికి ఇరుసు లేకపోతే ఎంతో వాచీకి అది లేకపోతే అంత. దాని కొనలు వెంట్రుక కంటే సన్నం. మళ్ళీ చెయ్యాలి. ఆ పని చేతులకి తెలుసు, చూడ్డానికి కళ్ళు లేవు. కాకినాడలో ఎవరి చేతనైనా చేయిద్దామంటే, అలాంటిది చేసేవాళ్ళు ఎవరూ లేరన్నారు. ఉన్న చోటికి పంపించి తెప్పించేంత వ్యవధి, చర్చి నుంచి తిరిగొచ్చి లోపలి గదిలో మంచం మీద ఉన్న మనిషికి లేదు.

"ఐగ్లాసు ఇలా ఇవ్వండి," అన్నాను.

అంతకంటే ఆలోచించలేదు. సూదిలో దారం ఎక్కించడానికి వీధిలో ఆడవాళ్ళందరూ నా దగ్గరికే వచ్చేవాళ్ళు ఆ వయసులో కూడా. ఆయన కుట్టుమిషను చక్రంతో తయారు చేసుకున్న చిన్న తరిణి, అదే లేతు మిషను, ముందు కూర్చున్నారు. ఉక్కు పుల్లని బిగించారు. నేను పక్కన పీట మీద కూర్చుని, ఐగ్లాసు ఇరికించుకుని, కొన దగ్గరికి మొహం పెట్టాను. ఆయన తిప్పుతారు, ఉలి ఆనిస్తారు, ఆపుతారు. నేను చెప్పాలి.

"ఇంకా లావుగా ఉంది."

"ఎంత లావండీ?"

"దారమంత."

"మిషను దారమాండీ, పూలదారమాండీ?"

"మిషను దారం."

మళ్ళీ తిప్పడం. "ఇప్పుడో?" "జుట్టంత. నాది కాదు, మనవరాలిది." మళ్ళీ తిప్పడం. ఆ కొన దగ్గర టప్‌మని చిన్న చప్పుడు వచ్చేది. విరిగిపోయిందని ఆయనకి నాకంటే ముందు తెలిసేది. ఇంకో పుల్ల బిగించేవారు. చాలా విరిగాయి. ఒకరోజు నేనే కసిరాను, "తొందరపడుతున్నారు మీరు. పిండి వడియం పెట్టినట్టు నెమ్మదిగా పెట్టండి ఆ ఉలి," అని. "ఆయ్," అన్నారు, చిన్నపిల్లాడిలా.

లోపల నుంచి దగ్గు వినిపించేది. దగ్గు తగ్గాక గొంతు. "ఏమండీ, వదినగారికి కాఫీ ఇచ్చారా? పొద్దుట్నించీ ఆవిడ చేత ఏం చేయిస్తున్నారు?"

"నూకలు ఏరుతున్నారే," అనేవారు ఈయన.

"ఇన్ని నూకలు ఎక్కడివండీ మనకి!" అనేది ఆవిడ. ఆయాసపడుతూనే నవ్వేది. మేం ఏం చేస్తున్నామో ఆవిడకి తెలుసు. తెలియనట్టు ఉండేది.

క్రిస్మస్ వెళ్ళిపోయింది. కాగితం నక్షత్రం ఇంకా వసారా దూలానికి వేలాడుతోంది. ఒక మధ్యాహ్నం నేను ఐగ్లాసులోంచి చూసి, ఏం చెప్పాలో తోచక ఊరుకున్నాను. కొన కనపడీ కనపడనట్టు ఉంది.

"ఏంటండీ, విరిగిందా?" అన్నారు.

"లేదు. చూడ్డానికి ఏమీ మిగల్లేదు. ఇంక ముట్టుకోకండి."

చక్రాన్ని ఆ ఇరుసు మీద కూర్చోబెట్టడం, మిగిలినవన్నీ బిగించడం ఆయన వేళ్ళతోనే చేశారు. ఎక్కడ ఆగాలో నేను చెప్పాను. కీ ఇచ్చారు. చెవి దగ్గర పెట్టుకున్నారు. చాలాసేపు అలాగే ఉన్నారు. తర్వాత నా చెవి దగ్గర పెట్టారు. కొట్టుకుంటోంది.

ఇద్దరం లోపలికి వెళ్ళాం. సిస్టరమ్మ దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. తెల్లచీరే కట్టుకుని ఉంది. ఆయన మంచం పట్టె తడుముకుని కూర్చుని, ఆవిడ భుజం తడుముకుని, ఎడమ వైపు జాకెట్టుకి పిన్ను గుచ్చారు. ఒక్కసారికే సరిగ్గా గుచ్చారు. ఆవిడ గడ్డం వంచి చూసుకుంది. నాకు తలకిందులుగా కనపడుతున్న డయలు ఆవిడకి తిన్నగా కనపడుతోంది.

చూస్తూ చూస్తూ తన ఎడమ మణికట్టు మీద కుడిచేతి వేళ్ళు మూడూ ఆనించింది. ఎన్నేళ్ళు ఎంతమందికి చేసిందో ఆ పని, వేళ్ళు వాటంతట అవే వెళ్ళాయి. పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంది. ముల్లు ఒక చుట్టు తిరిగొచ్చింది.

"వాచీ సరిగ్గానే నడుస్తోందండీ," అంది. "నేనే వెనకబడ్డాను."

అని నవ్వింది. నవ్వుతూ ఉండగానే కళ్ళ నుంచి నీళ్ళు జారాయి. ఒక చేత్తో ఆయన చెయ్యి పట్టుకుంది. నా వైపు చూసి, చూపుడువేలు పెదాల మీద పెట్టుకుంది, చెప్పొద్దు అన్నట్టు. కళ్ళు తుడుచుకోకుండా మళ్ళీ ముల్లు వంకే చూసింది.

ఆవిడ ఆ నెల దాటలేదు. ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే తనే కీ ఇచ్చుకుంది. పోయిన రోజు స్నానం చేయించడానికి ఆసుపత్రి నుంచి ఆవిడ దగ్గర పని నేర్చుకున్న చిన్న నర్సు వచ్చింది. పెట్టెలో ఆవిడతో పాటు వాచీ కూడా ఉంచమంటారా అని పాస్టరుగారు అడిగారు. ఆయన తల అడ్డంగా ఊపారు. పిన్ను తీసి, ఆ పిల్ల ఎక్కడ నిలబడిందో గొంతుని బట్టి తెలుసుకుని, ఆ వైపు చెయ్యి చాపారు. "డ్యూటీకి పెట్టుకో అమ్మా. రోజూ పొద్దున్నే కీ ఇయ్యి," అన్నారు. ఆ పిల్ల ఏడుస్తూ తీసుకుంది. బంగారం లాంటి వస్తువుని మట్టిలో పెట్టనందుకు మంచి పనే అనిపించింది నాకు.

సమాధుల దొడ్డి నుంచి వచ్చాక, జనం ఒక్కొక్కరే వెళ్ళిపోయాక, వసారాలో ఆయనా నేనూ మిగిలాం. మర్నాడే సామర్లకోట తమ్ముడు వచ్చి తీసుకెళ్ళిపోతాడని చెప్పారు. నేను లేవబోతుంటే, "అక్కగారూ," అన్నారు.

"చెప్పండి."

"ఆ రోజు ఆవిడ మొహం ఎలా ఉందండీ?"

ఏ రోజో చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు. ఆవిడ బతికుండగా ఆ మాట అడగడానికి ఆయనకి వీలు లేకపోయింది. గోడకి అవతలే ఉండేది కదా, వింటుందని. ఆవిడ చెప్పొద్దని సైగ చేసింది. ఈయన చెప్పమని అడుగుతున్నారు. ఇన్నాళ్ళూ ఈయన ఇరుసుకి నేను చూసినది చూసినట్టు చెప్పాను కాబట్టే అది నిలబడింది. ఇప్పుడు ఇంకో రకంగా చెప్పడం నాకు చేతకాలేదు.

"నవ్వుతూ ఏడ్చింది," అన్నాను.

ఆయన కాసేపు ఊపిరి బిగబట్టి ఉన్నారు.

"ముందు ఏదండీ?"

"ముందు నవ్వే. కన్నీళ్ళు తర్వాత వచ్చాయి. వచ్చాక కూడా తుడుచుకోలేదు. ముల్లు వంకే చూస్తోంది."

"చూసిందాండీ? సరిగ్గా చూసిందా?"

"రెప్ప వెయ్యకుండా చూసింది."

"అయితే చూసిందండీ," అన్నారు. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని అప్పుడు ఏడ్చారు, పొద్దుట్నించీ అంతమందిలో ఒక్క చుక్క రాల్చని మనిషి. ఊరుకోమని నేను అనలేదు. ఆయన ఏడుపు అయ్యేదాకా పక్కన కూర్చున్నాను.